న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిందంటే ఎందుకంత విలువ? ఎంతవరకు నమ్మొచ్చు?

ఎడిసన్_రవి
మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఏ వాదనైనా ఒక్క మాటతో ఆగిపోతోంది: "న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది." అంతే, ఇంకెవరూ నోరెత్తరు. మొన్న లక్ష డాలర్ల వీసా ఫీజు మీద గొడవ జరిగినప్పుడూ ఇదే తంతు. హెడ్డింగ్ స్క్రీన్‌షాట్ తిరిగిందే తప్ప లోపల ఏముందో చదివినవాళ్లు లేరు. తీరా చూస్తే అది వార్తే కాదు, బయటి వ్యక్తి రాసిన అభిప్రాయ వ్యాసం. అమెరికాలో ఇన్ని పేపర్లుండగా దీనికే ఇంత పలుకుబడి ఎక్కడి నుంచి వచ్చింది? దీన్ని ఎలా చదవాలో, ఎంతవరకు నమ్మాలో తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_కుర్రాడు
డబ్బున్న పేపర్. అంతకుమించి ఏం లేదు.

పాతపేపర్
డబ్బు మొదట్లో లేదు తమ్ముడూ. 1851లో ఒక సెంటు పేపర్‌గా మొదలైంది. 1896 నాటికి దివాలా అంచున ఉంది. అప్పుడు టెనెసీలో చట్టనూగ అనే ఊళ్లో పేపర్ నడుపుకునే ఎడాల్ఫ్ ఆక్స్ వచ్చి 75 వేల డాలర్లు పెట్టి పగ్గాలు చేపట్టాడు. న్యూయార్క్‌లో అప్పుడు పులిట్జర్, హర్‌స్ట్ అనే ఇద్దరు యజమానుల పేపర్లు హత్యలు, కుంభకోణాలతో పోటాపోటీగా అమ్ముడుపోతున్నాయి. ఆక్స్ ఆ దారిలోకి పోలేదు. కోర్టు వార్తలు, మార్కెట్ ధరలు, ప్రభుత్వ నివేదికలు, పుస్తక సమీక్షలు వేశాడు. "అచ్చువేయదగిన వార్తలన్నీ" అన్న అర్థం వచ్చే నినాదం 1897 నుంచి మొదటి పేజీలో ఎడమవైపు పై మూలన చిన్న పెట్టెలో ఉంటోంది, ఇప్పటికీ చూడొచ్చు. 1898లో ధర మూడు సెంట్ల నుంచి ఒక సెంటుకు దించితే ఏడాదిలో సర్క్యులేషన్ 25 వేల నుంచి 75 వేలకు ఎగబాకింది.

ఇక్కడ అసలు సంగతి కుటుంబం. ఆక్స్ అల్లుడు, ఆ తర్వాత వాళ్ల పిల్లలు, మనవలు... ఇప్పుడు 2018 నుంచి ఎ.జి. సల్జ్‌బర్గర్ పబ్లిషర్. కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. కానీ బోర్డులో సుమారు 70 శాతం మందిని ఎన్నుకునే హక్కు కుటుంబం చేతిలోని వేరే తరగతి షేర్లకే ఉంది. అందుకే ఏ శతకోటీశ్వరుడూ ఒక రాత్రిలో దీన్ని కొనేసుకోలేడు. వాషింగ్టన్ పోస్ట్‌ను 2013లో జెఫ్ బెజోస్ కొన్నాడు కదా, అలాంటిది ఇక్కడ కుదరదు.

తెనాలి_కుర్రాడు
కుటుంబ పేపర్ అయితే మంచిదని ఎలా అంటారు పెద్దాయనా? మన దగ్గర కుటుంబ పేపర్లు లేవా? ఏ పేపర్ ఏ పార్టీదో పాల ప్యాకెట్ తెచ్చుకునే పిల్లాడిని అడిగినా చెప్తాడు.

పాతపేపర్
కుటుంబం చేతిలో ఉంటే చాలని నేను అనలేదు. ఆ కుటుంబం ఏం చేసిందన్నది చూడాలి. 1971 జూన్ 13న వియత్నాం యుద్ధం మీద రక్షణశాఖ రహస్య పత్రాలు అచ్చువేయడం మొదలెట్టారు. డానియల్ ఎల్స్‌బర్గ్ అనే ఒకప్పటి రక్షణశాఖ ఉద్యోగి బయటపెట్టిన పత్రాలవి, నీల్ షీహన్ అనే విలేకరి రాశాడు. వరుస నాలుగు ప్రభుత్వాలు జనానికి ఒకటి చెప్పి లోపల మరొకటి అనుకున్నాయని అందులో కాగితాల సాక్షిగా ఉంది. నిక్సన్ ప్రభుత్వం కోర్టుకెళ్లి ప్రచురణ ఆపించింది. జూన్ 30న సుప్రీంకోర్టు 6-3 తేడాతో పేపర్ల పక్షాన తీర్పిచ్చింది. కంపెనీ కేసులు చూసే బయటి లాయర్లు వద్దన్న పనిని పబ్లిషర్ చేయించాడు. జైలు భయం ఉన్నా వేశారు.

న్యాయవాది_కర్నూలు
లా చదివేవాళ్లకు ఈ పేపర్ పేరు వార్తల కంటే ముందు ఒక కేసుగా పరిచయం. న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సల్లివన్, 1964.

1960 మార్చి 29న మార్టిన్ లూథర్ కింగ్‌కు మద్దతుగా కొందరు పూర్తి పేజీ ప్రకటన ఇచ్చారు. అందులో చిన్న చిన్న తప్పులున్నాయి. కింగ్‌ను నాలుగుసార్లు అరెస్టు చేస్తే ఏడుసార్లని రాశారు. విద్యార్థులు పాడిన పాట పేరు కూడా తప్పే. అలబామాలో మాంట్‌గమరీ నగర పోలీసు వ్యవహారాలు చూసే కమిషనర్ ఎల్.బి. సల్లివన్ తన పేరు ప్రకటనలో లేకపోయినా పరువు పోయిందని దావా వేశాడు. అక్కడి జ్యూరీ 5 లక్షల డాలర్లు కట్టమంది.

రవి గారు పలుకుబడి ఎక్కడిదని అడిగారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. ఆ రోజు పేపర్ సుమారు ఆరున్నర లక్షల కాపీలు. అందులో అలబామా రాష్ట్రం మొత్తానికి వెళ్లినవి 394. మాంట్‌గమరీ కౌంటీకి వెళ్లినవి ఒక 35. ఆ 35 కాపీలకు అంత జరిమానా! దక్షిణాది రాష్ట్రాల అధికారులు ఇలాంటి దావాలు వరసగా వేసి, నల్లజాతివారి ఉద్యమ వార్తలు రాయడానికి బయటి పేపర్లు భయపడేలా చేయాలనుకున్నారు. సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా దాన్ని కొట్టేశారు. ప్రభుత్వ అధికారి పరువునష్టం గెలవాలంటే, రాసినవాళ్లు అబద్ధమని తెలిసీ రాశారనో, నిజమో కాదో పట్టించుకోకుండా రాశారనో నిరూపించాలి. ఆ రక్షణ ఈ రోజు అమెరికాలో చిన్న ఊరి వారపత్రికకు కూడా ఉంది.

మన సుప్రీంకోర్టు కూడా 1994లో ఆటో శంకర్ కేసుగా పేరుపడిన రాజగోపాల్ తీర్పులో సల్లివన్ కేసును చర్చించింది. అంటే దాని ప్రభావం మన కోర్టుల దాకా వచ్చింది.

సికింద్రాబాద్_సుధ
35 కాపీల సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. థాంక్స్ అండి.

తెనాలి_కుర్రాడు
మంచివన్నీ చెప్తున్నారు. ఇరాక్ సంగతి ఎవరు చెప్తారు? 2002, 2003లో సద్దాం దగ్గర మారణాయుధాలున్నాయని మొదటి పేజీలో రాసింది ఈ పేపరే. ప్రభుత్వంలోని వాళ్లు పేపరుకు లీక్ ఇస్తారు, పేపర్ వేస్తుంది, అదే రోజు టీవీలో అదే ప్రభుత్వం వాళ్లు "చూడండి, న్యూయార్క్ టైమ్స్ కూడా రాసింది" అంటారు. ఉపాధ్యక్షుడు డిక్ చేనీ అచ్చం అలాగే చేశాడు. వేలమంది చచ్చిపోయాక 2004 మే 26న లోపలి పేజీలో ఎడిటర్ల వివరణ వేశారు. పోయిన ప్రాణాలకు అది ఏం సమాధానం?

పాతపేపర్
ఏ సమాధానమూ కాదు. నీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇంకోటి కూడా చేర్చుకో. 1930ల్లో ఉక్రెయిన్‌లో లక్షలమంది ఆకలితో చస్తుంటే మాస్కో విలేకరి వాల్టర్ డ్యురాంటీ కరువు లేదని రాశాడు. సోవియట్ మీద రాసిన కథనాలకు 1932లో వచ్చిన పులిట్జర్ బహుమతి ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల ఊచకోత వార్తలు ఎక్కువగా లోపలి పేజీల్లో చిన్నగా వేశారని వాళ్ల మాజీ ఎడిటరే తర్వాత రాశాడు.

డెస్క్_విజయవాడ
తెలుగు పేపర్ డెస్కులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పటిదాకా ఎవరూ తాకని విషయం ఒకటుంది. ఈ పేపర్ పలుకుబడిలో పెద్ద వాటా దాన్ని నేరుగా చదివేవాళ్లది కాదు, దాన్ని చూసి రాసేవాళ్లది. అంటే మాలాంటివాళ్లది.

వాళ్లకు న్యూస్ సర్వీసు ఉంది. చందా కట్టిన పేపర్లు ఆ కథనాలు వాడుకోవచ్చు. హిందూలో, డక్కన్ క్రానికల్‌లో వ్యాసం కింద చిన్న అక్షరాల్లో న్యూయార్క్ టైమ్స్ పేరు చూసే ఉంటారు. రేపటి మొదటి పేజీలో ఏ వార్తలు పెడుతున్నారో ఆ జాబితా కూడా ముందు రోజు సాయంత్రమే చందా పేపర్లకు వెళ్లే పద్ధతి ఉండేది. ఇక ఊహించుకోండి. ఒహాయోలో రాత్రి డ్యూటీలో ఉన్న ఎడిటర్ ఏ అంతర్జాతీయ వార్త పైన పెట్టాలా అని తటపటాయిస్తున్నప్పుడు ఆ జాబితా ముందుంటే ఏం చేస్తాడు? టీవీవాళ్లూ పొద్దున అదే చూసి రోజు మొదలెడతారు. రెండు రోజులకు అది ఏజెన్సీల ద్వారా మా డెస్కుకు వస్తుంది, మేం తెలుగు చేస్తాం. మా పాఠకుడు న్యూయార్క్ టైమ్స్ ముఖం ఎన్నడూ చూడకపోయినా, ప్రపంచంలో ఏది పెద్ద వార్త అన్న లెక్క అక్కడి నుంచే అందుకుంటాడు.

ఇంకో ముచ్చట. విదేశీ పేపర్లు మన దేశంలో అచ్చు కాకూడదని 1955లో కేంద్ర కేబినెట్ తీర్మానం చేసింది. అయినా 2004లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ల ఇంటర్నేషనల్ హెరాల్డ్ ట్రిబ్యూన్ మన హైదరాబాద్‌లో, డక్కన్ క్రానికల్ వాళ్లతో కలిసి అచ్చయింది. అప్పట్లో ఢిల్లీలో పెద్ద దుమారమే లేచింది.

సికింద్రాబాద్_సుధ
నాకు గుర్తుంది! మా నాన్నగారు ఆఫీసు నుంచి తెచ్చేవారు. మన పేపర్ల కన్నా పల్చగా, బొమ్మలు తక్కువగా ఉండేది. ఇంట్లో ఎవరం చదివేవాళ్లం కాదు గానీ మా అమ్మ అట్టలు వేయడానికి దాచేది.

ఇస్రో_అభిమాని
మంగళయాన్ కార్టూన్ ఎవరూ ఎత్తలేదేం? 2014 సెప్టెంబర్ 24న మొదటి ప్రయత్నంలోనే మార్స్ కక్ష్యలోకి వెళ్లాం, ఖర్చు 450 కోట్లు. నాలుగు రోజులు తిరక్కుండా వాళ్ల అంతర్జాతీయ ఎడిషన్‌లో కార్టూన్. లోపల సూట్లు వేసుకున్న పెద్దమనుషుల అంతరిక్ష క్లబ్బు, బయట తలపాగాతో ఆవును పట్టుకుని తలుపు కొడుతున్న రైతు. ఆ రోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. ప్రపంచమంతా నిరసన వెల్లువెత్తాక క్షమాపణ చెప్పారు. ఆవు, రైతు ఉన్నందుకు కాదు నా కోపం. నేనూ రైతు బిడ్డనే. మనల్ని చూసే చూపు అది.

వీళ్లకు ఇది కొత్త కాదు. 1920 జనవరిలో రాబర్ట్ గాడార్డ్ అనే రాకెట్ శాస్త్రవేత్తకు హైస్కూల్ ఫిజిక్స్ కూడా రాదన్నట్టు సంపాదకీయం రాశారు, గాలి లేని చోట రాకెట్ నడవదట. 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, ఆ తప్పుకు విచారిస్తున్నామని సవరణ వేశారు. అప్పటికి గాడార్డ్ చనిపోయి దాదాపు 24 ఏళ్లు.

డెస్క్_విజయవాడ
@ఇస్రో_అభిమాని కార్టూన్ మీద మీ కోపం న్యాయమే. కానీ సవరణ విషయంలో నేను వాళ్లవైపే. ప్రతిరోజూ పేపర్లో సవరణలకు చోటు ఉంటుంది, పేరులో ఒక్క అక్షరం తప్పినా వేస్తారు. 1853లో, బానిసగా అమ్ముడుపోయి బయటపడ్డ సాల్మన్ నార్తప్ మీద రాసిన వార్తలో ఆయన పేరు తప్పు పడిందని 2014లో సవరణ వేశారు, 161 ఏళ్ల తర్వాత! 2003లో జేసన్ బ్లెయిర్ అనే రిపోర్టర్ వెళ్లని ఊళ్ల పేర్లు వార్త మొదట్లో డేట్‌లైన్లుగా పెట్టి వార్తలు అల్లాడని తేలితే, ఆ బండారమంతా వాళ్లే 7 వేల పైచిలుకు మాటల్లో మొదటి పేజీ నుంచి రాశారు. చీఫ్ ఎడిటర్ కుర్చీ దిగాడు. మన భాషలో ఏ పేపరైనా తన తప్పును తానే మొదటి పేజీలో తవ్వుకున్న సందర్భం నేను చూడలేదు. మనకూ ఆ అలవాటు రావాలని గట్టిగా కోరుకునేవాణ్ని.

తెనాలి_కుర్రాడు
అదే బ్లెయిర్ గొడవ తర్వాత పాఠకుల తరఫున ప్రశ్నించే పబ్లిక్ ఎడిటర్‌ను పెట్టారు. 2017లో ఆ పోస్టు తీసేశారు. అది కూడా చెప్పాలిగా అన్నా.

డెస్క్_విజయవాడ
చెప్పాలి. తీసేయకుండా ఉండాల్సింది.

హైటెక్_నాని
మన దేశ రాజకీయాల్లో కూడా దీని పేరు బాగా వాడుకుంటారు. 2021 సెప్టెంబర్‌లో మోదీ ఫొటోతో మొదటి పేజీ అంతా నింపేసిన బొమ్మ ఒకటి చక్కర్లు కొట్టింది, ప్రపంచానికి ఆఖరి ఆశ ఆయనేనని. అది పూర్తిగా కల్పితమని పేపరే ప్రకటించింది. కాస్త కళ్లు పెట్టి చూస్తే పైన తేదీలో సెప్టెంబర్ స్పెల్లింగే తప్పు. 2022 ఆగస్టులో, అప్పటి ఆమ్ ఆద్మీ ప్రభుత్వం నడిపిన ఢిల్లీ స్కూళ్ల మీద నిజంగానే కథనం వచ్చింది. అదే కథనం, అవే ఫొటోలు దుబాయ్ పేపర్ ఖలీజ్ టైమ్స్‌లోనూ రావడంతో డబ్బిచ్చి వేయించారని బీజేపీ ఆరోపించింది. పైన డెస్క్ అన్న చెప్పిన న్యూస్ సర్వీసు సంగతి తెలిస్తే రెండు పేపర్లలో ఒకే కథనం ఎందుకు వచ్చిందో ఇట్టే అర్థమవుతుంది. ఖలీజ్ టైమ్స్ వాళ్లు న్యూయార్క్ టైమ్స్ పేరు కూడా వేశారు.

ఒకరు లేని పేజీ సృష్టించి గొప్ప చెప్పుకున్నారు, ఇంకొకరు ఉన్న పేజీని పట్టుకుని ఊరేగారు. రెండు వైపులా ఆ ముద్ర కావాలి.

గోదారి_గాలి
ఆ స్కూళ్ల కథనం పెయిడ్ కాదని మీకెలా తెలుసు? అప్పటి ఢిల్లీ విద్యామంత్రి సిసోడియా ఇంటి మీద సీబీఐ దాడి జరిగింది కూడా ఆ టైంలోనే.

హైటెక్_నాని
పెయిడ్ అనడానికి ఆరోపించినవాళ్లు రుజువు చూపలేదు. ఢిల్లీ వెళ్లి చూసి రాశామని, నిష్పాక్షికంగా రాశామని పేపర్ చెప్పింది. స్కూళ్లు నిజంగా ఎంత బాగున్నాయన్నది వేరే చర్చ. 2023 ఆగస్టులో ఇదే పేపర్ అమెరికా వ్యాపారి నెవిల్ రాయ్ సింఘం మీద రాసిన కథనంలో మన దేశంలోని న్యూస్‌క్లిక్ వెబ్‌సైట్ ప్రస్తావన వస్తే, అదే బీజేపీ పార్లమెంటులో దాన్ని చూపించింది. అక్టోబర్‌లో దాడులు, ఎడిటర్ ప్రబీర్ పురకాయస్థ అరెస్టు. 2024 మేలో ఆ అరెస్టు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికి నచ్చిన రోజు వాళ్లు నమ్ముతున్నారు.

మోడరేటర్
పార్టీల గొడవ ఇక్కడితో ఆపండి. దానికి వేరే థ్రెడ్ ఉంది. ఇకపై అలాంటివి తీసేస్తాను.

శారద_డల్లాస్
కాస్త తేలిక విషయం. మా ఇంట్లో నలుగురం చందాదారులమే, వార్తలు చదివేది మాత్రం నేనొక్కదాన్నే. మిగతావాళ్లకు అందులోని పదాల ఆటలే కావాలి: మావారికి వర్డిల్, అమ్మాయికి కనెక్షన్స్, అబ్బాయికి క్రాస్‌వర్డ్. విజయవాడ నుంచి మా అత్తగారు కూడా పొద్దున్నే పసుపు, ఆకుపచ్చ గడులు గ్రూపులో పెట్టేస్తారు. మేం లేచేసరికి ఆవిడది పూర్తయిపోయి ఉంటుంది, మాకు టెన్షన్!

లెక్కల_మాస్టారు
శారదమ్మా, మీరు నవ్వుతూ చెప్పినా ఆ పేపర్ బతికి బట్టకట్టింది దాంతోనే. 2009లో పరిస్థితి ఘోరం. మెక్సికో కుబేరుడు కార్లోస్ స్లిమ్ దగ్గర 25 కోట్ల డాలర్లు అప్పు తెచ్చారు. కొత్తగా కట్టుకున్న భవనంలో కొంత భాగం అమ్మి, అందులోనే అద్దెకున్నారు. 110 కోట్ల డాలర్లకు కొన్న బోస్టన్ గ్లోబ్‌ను 2013లో 7 కోట్లకు వదిలించుకున్నారు. మధ్యలో 2011 మార్చిలో, నెలకు 20 వ్యాసాలు దాటితే డబ్బు కట్టాలన్నారు. ఇంటర్నెట్‌లో వార్తకు ఎవడు డబ్బిస్తాడని అందరూ పెదవి విరిచారు. 2012కల్లా ప్రకటనల కంటే పాఠకుల నుంచే ఎక్కువ ఆదాయం వచ్చింది. 2022లో వర్డిల్ కొన్నారు, 55 కోట్ల డాలర్లకు ఆటల వార్తలు రాసే ది అథ్లెటిక్‌ను కొన్నారు. 2024 చివరికి మొత్తం చందాదారులు 1 కోటి 14 లక్షలు, అందులో కాగితం పేపర్ తెప్పించుకునేవాళ్లు సుమారు 6 లక్షలే.

కాబట్టి ఆ కోటి సంఖ్య చూసి ఇంతమంది వార్తలు చదువుతున్నారనుకోకూడదు. వంటలకో, పజిళ్లకో మాత్రమే కట్టేవాళ్లూ అందులో ఉన్నారు. కానీ బాగ్దాద్‌లోనో కీవ్‌లోనో విలేకరిని ఉంచే ఖర్చుకు మీ అత్తగారి గడులు కూడా సాయపడుతున్నాయి. నాకు అది మంచి ఏర్పాటుగానే కనిపిస్తోంది.

పాతపేపర్
పజిళ్లంటే గుర్తొచ్చింది. క్రాస్‌వర్డ్ కాలక్షేపం, టైం దండగ అని 1920ల్లో వాళ్లే ఎద్దేవా చేశారు. 1942 ఫిబ్రవరిలో, యుద్ధం నడుస్తుండగా, మొదలెట్టారు.

ఎడిసన్_రవి
చాలా నేర్చుకున్నాను, అందరికీ థాంక్స్. ఒక చిన్న ప్రశ్న. వార్త ఏదో అభిప్రాయం ఏదో ఫోన్లో ఎలా గుర్తుపట్టాలి?

డెస్క్_విజయవాడ
హెడ్డింగ్ పైన ఒపీనియన్ అని ఉంటుంది, లేదా గెస్ట్ ఎస్సే అని. లింకు అడ్రసులో కూడా ఒపీనియన్ అన్న మాట కనిపిస్తుంది. ఆ విభాగం న్యూస్ ఎడిటర్ కింద ఉండదు, దాని ఎడిటర్ నేరుగా పబ్లిషర్‌కు జవాబుదారీ. సంపాదకీయం వైపు వాళ్లు ఫలానా అభ్యర్థిని గెలిపించమంటారు. అధ్యక్ష ఎన్నికల్లో 1956లో ఐసెన్‌హోవర్ తర్వాత ఒక్క రిపబ్లికన్‌ను కూడా బలపరచలేదు. ఆ మొగ్గు దాచుకునేది కాదు. వార్త చదివేటప్పుడు మాత్రం నేను చూసేవి రెండు: ఎక్కడి నుంచి రాశారో ఊరి పేరు ఉందా, అంటే మనిషి అక్కడికి వెళ్లాడా, ఎంతమంది పేరు పెట్టి మాట్లాడారు. ఇరాక్ కథనాల్లో పేరు చెప్పని అధికారులే నిండిపోయారు. స్క్రీన్‌షాట్‌లో ఇవేవీ కనిపించవు, అందుకే స్క్రీన్‌షాట్ నమ్మొద్దు.

సికింద్రాబాద్_సుధ
డబ్బు కట్టలేనివాళ్లకు: అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు కార్డున్నవాళ్లకు ఈ పేపర్ ఉచితంగా చదువుకునే కోడ్ ఇస్తాయి. గడువు అయిపోగానే మళ్లీ తీసుకోవాలి, అంతే. మా చెల్లి అలాగే చదువుతుంది.

డెస్క్_విజయవాడ
వెళ్లేముందు మనసులో ఉన్న ఇంకో మాట. 2010 నవంబర్‌లో మన మైక్రోఫైనాన్స్ సంక్షోభం మీద ఆంధ్రప్రదేశ్ పల్లె నుంచి న్యూయార్క్ టైమ్స్ పెద్ద కథనం వేసింది. బాగా రాశారు, మనుషులతో కూర్చుని రాశారు. దాంతో ప్రపంచానికి తెలిసింది. కానీ 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు మూయించారు. వారం వాయిదా కట్టలేని ఆడవాళ్ల కష్టం అప్పటి నుంచీ జిల్లా పేజీల్లో వస్తూనే ఉంది. ఆ వార్తలు పంపినవాళ్లు మండల విలేకరులు, చాలామందికి నెల జీతం కూడా ఉండదు. పెద్ద పేపర్ చేరేది అలాంటివాళ్లు తిరిగిన ఊళ్లకే. జిల్లా పేజీ లేకపోతే పెద్ద పేపరుకు ఎక్కడికి రావాలో కూడా తెలియదు.

ఎడిసన్_రవి
ఈ మాట నాకు సూటిగా తగిలింది. మా న్యూజెర్సీలో పెద్ద పేపర్ స్టార్ లెడ్జర్ 2025 ఫిబ్రవరిలో కాగితం ఎడిషన్ ఆపేసింది, అదే వారంలో జెర్సీ జర్నల్ పూర్తిగా మూతపడింది. మా ఎడిసన్ నుంచి మన్‌హట్టన్‌కు రైలెక్కితే గంట ప్రయాణం లేదు. అయినా మా స్కూల్ బోర్డు ఏం తీర్మానించిందో ఆ పేపర్లో దొరకదు.

లెక్కల_మాస్టారు
దొరకదు బాబూ. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా పేపర్లు మాయమయ్యాయి. అదే కాలంలో ఈ ఒక్కటి పెరిగింది. గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటనలు లాక్కుపోతే చిన్నవాళ్ల దగ్గర ఇంకో దారి లేదు. దేశమంతా పాఠకులున్నవాళ్లకే చందా లెక్క గిట్టుబాటైంది.

శారద_డల్లాస్
మా దగ్గర ప్రాపర్టీ ట్యాక్స్ మీటింగులకు రిపోర్టర్లు రావడమే మానేశారు. మన తెలుగువాళ్లు ఇన్ని వేలమంది ఉన్న ఊళ్లు కూడా ఇంతే.

తెనాలి_కుర్రాడు
రవి అన్నా, మీ ఊళ్లో స్కూల్ బోర్డు మీటింగ్ ఎప్పుడు? జనం కూర్చుని వినొచ్చా?

ఎడిసన్_రవి
వినొచ్చు, ఎవరైనా వెళ్లొచ్చు, మాట్లాడొచ్చు కూడా. వచ్చే మంగళవారం ఉంది. బస్ రూట్ల మార్పు అజెండాలో పెట్టారు.

డెస్క్_విజయవాడ
వెళ్లండి రవి గారూ. ఎవరు ఏమన్నారో పేరుతో సహా రాసుకోండి, ఓటు ఎటు పడిందో రాసుకోండి. మీ గ్రూపులో పెట్టేముందు నాకు పంపితే హెడ్డింగ్ పెట్టిస్తాను.